సోమ్‌ది ఏ మతం

పటాన్‌చెరు సర్కారు దవాఖాన వెనక మార్చురీ ముందు యాదన్న నిలబడి మూడు గంటలైంది. కానిస్టేబుల్ బెంచీ మీద కూర్చుని, తొడ మీద అట్ట పెట్టుకుని కాగితాలు నింపుతున్నాడు.

"పేరు?"

"సోమ్, సార్."

"పూర్తి పేరు?"

"గంతే తెల్సు సార్. ఏడాదిన్నర సంది మా రూంల కిరాయికుంటుండు. పాశమైలారంల లోడింగ్ పని."

"ఊరు?"

"జార్ఖండ్ దిక్కు అన్నడు."

"మతం?"

యాదన్న మార్చురీ తలుపు దిక్కు చూశాడు.

"ఏమయ్యా, నీ ఇంట్ల ఉండే మనిషి ఏ దేవునికి మొక్కుతడో నీకు తెల్వదా?"

"తెల్సు సార్. అందరికీ మొక్కుతడు."

కానిస్టేబుల్ పెన్ను కింద పెట్టాడు. "పొద్దటి సంది తిండి లేదు నాకు. మజాక్ చెయ్యకు."

యాదన్న మజాక్ చేయలేదు. ముందురోజు పొద్దున ముత్తంగి సర్వీసు రోడ్డు మీద సైకిల్‌పై పోతున్న సోమ్‌ను ఏదో లారీ గుద్ది ఆగకుండా వెళ్ళిపోయింది. జేబులో దొరికిన గేటు పాసు మీద 'సోమ్ ఎం.' అని మాత్రమే ఉంది. పగిలిన ఫోను కవరులో యాదన్న నంబరు రాసిన చీటీ దొరికింది కనుక పోలీసులు అతన్ని పిలిచారు. ఆధార్ కార్డు కాంట్రాక్టర్ దగ్గరుంది. కాంట్రాక్టర్ ఫోను ఎత్తడం లేదు.

"సూడు, రేపు సాయంత్రం నాలుగు దాకా సూస్త" అన్నాడు కానిస్టేబుల్. "ఎవ్వలు రాకపోతే మున్సిపాలిటీ వాళ్ళు తీస్కపోతరు. నువ్వు తీస్కపోతనంటే తీస్కపో. గని కాలుస్తవా, పూడుస్తవా, రాసిచ్చి పో. రేపు వాళ్ళోళ్ళు వచ్చి మా పద్ధతి గిది కాదని లొల్లి చేస్తే నా మీదికి రావద్దు."

యాదన్నకు ఒళ్ళు మండింది. కోపం కానిస్టేబుల్ మీదా, లారీ మీదా, లేక చచ్చిపోయిన సోమ్ మీదేనా, అతనికే తెలియలేదు.

సోమ్ వింత మనిషి. ముప్పై రెండు, ముప్పై మూడేళ్ళుంటాయి. తాగడు, గొడవ పెట్టుకోడు. సెలవు దొరికితే చాలు ఏదో ఒక ప్రార్థన చోట ఉంటాడు. శుక్రవారం మసీదుకు పోతాడు. ఆదివారం పొద్దున చర్చిలో, మధ్యాహ్నం ముత్తంగి లారీ డ్రైవర్ల గురుద్వారాలో కనిపిస్తాడు. మంగళవారం డ్యూటీ లేకపోతే ఇస్మాయిల్‌ఖాన్‌పేట భవాని అమ్మవారి గుడికి సైకిల్ తొక్కుతాడు. ఒకసారి యాదన్న విసుక్కుని, "ఏంది సోమ్, అన్ని దుకాండ్లు తిరిగి బేరమాడుతున్నవా?" అన్నాడు. సోమ్ నవ్వి, "ఒకటి అడగాలన్నా" అన్నాడు. ఏం అడగాలో యాదన్న అడగలేదు. ఆ రోజు బోరు మోటరు కాలిపోయి ఉంది, యాదన్న ధ్యాసంతా దాని మీదే ఉంది.

మధ్యాహ్నానికి వార్త తెలిసి ఒక్కొక్కరూ వచ్చారు. ముందుగా మసీదు పక్క టైలరు ఖాజా మియా వచ్చాడు. తరువాత పాస్టర్ అనిల్. ఆ వెనకే కామరాజు గారు ఆటో దిగారు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరైన మనిషి, కాలనీ గుడిలో సాయంత్రాలు ప్రవచనం చెబుతారు. చివరికి సోమ్‌తో లోడింగ్ చేసే సంగప్ప వచ్చాడు. అతను బౌద్ధుడు. గదిలో బుద్ధుడి పటం, అంబేడ్కర్ పటం పక్కపక్కనే పెట్టుకుంటాడు.

ఇంతమంది వచ్చినందుకు యాదన్నకు మొదట ధైర్యం కలిగింది. పావుగంటలో అది పోయింది.

"జనాజా మేము చేస్తం యాదన్నా" అన్నాడు ఖాజా మియా. "శుక్రారం శుక్రారం ఎనక సఫ్‌ల, ఆఖరి వరుసల నిలవడుతుండె. నమాజు రాదు పాపం, మేము వంగితే వంగుతుండె."

"బాప్తిస్మం వచ్చే ఆదివారం తీసుకుంటనన్నడు బ్రదర్" అన్నాడు పాస్టర్ అనిల్. "అట్ల నాలుగు నెలల సంది అంటుండు. గని మనసుల ఉండె."

"వాడు నా ప్రవచనానికి వచ్చి ముందు వరసలో కూర్చునేవాడండీ. తీర్థం తీసుకునేవాడు. దహనం చేయడమే ధర్మం" అన్నారు కామరాజు గారు.

సంగప్ప తల అడ్డంగా ఊపాడు. "కాల్చుండ్రి, పూడ్చుండ్రి. గని ఆ కాయితంల వానిది కాని మతం రాయకుండ్రి. అది అబద్ధమైతది."

మాటకు మాట పెరిగింది. కామరాజు గారు గొంతు పెంచారు. ఖాజా మియా తన టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. మార్చురీ మనిషి బయటికొచ్చి, లొల్లి గేటు బయట పెట్టుకొమ్మన్నాడు.

యాదన్నకు ఓపిక నశించింది.

"ఆగుండ్రి! మావోడు మావోడు అంటున్నరు గదా. వాని తల్లి పేరేంది? ఎవలికన్న తెల్సా?"

నలుగురూ తెలియదన్నట్టు తల ఊపారు.

"నాకూ తెల్వది" అన్నాడు యాదన్న. "ఒక్క గోడ నడుమ ఏడాదిన్నర పండుకున్నం. వాడు ఏదో అడగాలె అడగాలె అని తిరిగిండు. ఏం అడిగిండో గదన్న చెప్పుండ్రి."

ఖాజా మియా మెల్లగా అన్నాడు. "వాళ్ళమ్మ పోయిందట. ఆమెను ఇంటికి పిలుచుకోవచ్చా చాచా, అని అడిగిండు. లేదు బేటా అన్న. పోయినోళ్ళకూ మనకూ నడుమ పర్దా ఉంటది, ఖయామత్ దాకా, లోకం ముగిసేదాకా వాళ్ళు ఆ దిక్కే ఉంటరు, నువ్వు దువా చెయ్యి అన్న."

పాస్టర్ అనిల్ ముఖం ఎత్తాడు. "నన్నూ గదే అడిగిండు. చనిపోయినోళ్ళను పిలుచుడు మాకు తప్పు. కడపటి దినాన అందరు లేస్తరు, అప్పుడు అమ్మను సూస్తవన్న. అందాక యాడుంటది అన్నడు. ప్రభువు దగ్గర అన్న. మా అమ్మకు ప్రభువు తెల్వది గదా అన్నడు." అనిల్ చేతిలోని బైబిలును ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "దానికి నేను సరిగ జవాబు చెప్పలే. మీటింగుకు టైమైతుండె."

"నేను ఆత్మకు చావు లేదన్నాను" అన్నారు కామరాజు గారు, ఈసారి గొంతు తగ్గించి. "ఒక శరీరం వదిలి ఇంకో శరీరంలోకి పోతుందని చెప్పాను. అయితే ఇప్పుడు ఎవరింట్లోనో చంటిపిల్లగా ఉంటుంది కదండీ, నేను పిలిస్తే నన్ను గుర్తుపడుతుందా, అన్నాడు. ఇన్నేళ్ళుగా చెబుతున్నాను, ఆ మాట నన్నెవరూ అడగలేదు."

సంగప్ప నేల చూస్తూ అన్నాడు. "ఒక దీపంతోని ఇంకో దీపం ముట్టిస్తం గదా, ఇందులకెళ్ళి అందులకు వొయ్యే వస్తువు ఏం లేదు, అట్లనే వొయ్యే ఆత్మ లేదన్న. వారం దినాలు నాతోని మాట్లాడలే. గురుద్వారాల ముసలాయన, నీటి చుక్క నీళ్ళల్ల కలిసినట్టు మీ అమ్మ దేవునిల కలిసింది, ఇగ అడుగకు, సేవ చెయ్యి అన్నడట. నాలుగు ఆదివారాలు ఆడ పళ్ళాలు కడిగొచ్చిండు. మల్ల అదే అడుగుడు."

అందరూ తమకు తెలిసిందే చెప్పారు. అబద్ధం ఎవరూ చెప్పలేదు. అయినా ఒక్కరి జవాబూ ఆ మనిషికి సరిపోలేదు. అదే యాదన్నను తినేస్తోంది.

ఇంటికి వచ్చి జరిగింది చెబితే భార్య మల్లవ్వ కొంగుతో కళ్ళొత్తుకుంది. "నన్ను గూడ అడిగిండు. పెత్రమాస నాడు పెద్దలకు వండి గోడ మీద పెడుతం, కాకి ముడితే వాళ్ళు వచ్చినట్టే అని చెప్పిన. ఆ దినం మస్తు నవ్విండు. మర్నాడు పొద్దుగాల అన్నం ముద్ద రూం రేకు మీద పెట్టి కాకి కోసం కూసున్నడు."

"నాకు చెప్పవైతివి?"

"నువ్వు ఇన్నదెప్పుడు?"

కూతురు రవళి డ్యూటీ నుంచి వచ్చింది. పాశమైలారంలోనే ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ చూస్తుంది. సంగతంతా విని, "ఫోను పలిగితే పలిగింది బాపు, సిమ్ము మంచిగనే ఉంటది గదా" అంది. పోలీసులను బతిమాలి తెచ్చుకోవడానికి యాదన్న మళ్ళీ పటాన్‌చెరు పోవాల్సి వచ్చింది. కానిస్టేబుల్ సంతకాలు పెట్టించుకుని సిమ్ము ఇచ్చాడు. రవళి దాన్ని తన పాత ఫోనులో వేసింది. అందులో నంబర్లేమీ లేవు. యాదన్న ఫోనును గోడకేసి కొట్టబోయాడు. రవళి లాక్కుంది.

పొద్దు గూకే వేళకు అదే మోగింది.

అవతలి మనిషి పేరు మంగ్రా. సోమ్‌కు తమ్ముడు. రెండు రోజులుగా అన్న ఫోను కలవలేదని కంగారుగా ఉన్నాడు. యాదన్న తనకు వచ్చిన హిందీలో చెప్పాడు. అంతటి మాట చెప్పడానికి తన హిందీ ఇంత తక్కువా అనిపించింది. అవతల ఎవరో ఆడమనిషి ఏడ్వడం వినిపించింది. మంగ్రా అడిగాడు, "ఎక్కడ పడ్డాడు? సరిగ్గా ఏ చోట?"

"ముత్తంగి. రోడ్డు మీద."

"ఆ చోటు గుర్తు పెట్టుకోండి. నేను వచ్చేదాకా మర్చిపోకండి."

"ఆ మాటకేం గని, మీరు హిందువులా, ముసల్మానులా?"

"మేము ముండా ఆదివాసులం. సర్నా వాళ్ళం. సాల చెట్ల తోపులో మొక్కుతాం."

యాదన్న ఆ పేరు ఎన్నడూ వినలేదు. మంగ్రా ఓపికగా చెప్పాడు. వాళ్ళ ఊళ్ళో మనిషి పోతే, ఆ మనిషి నీడను ఇంటికి పిలుచుకుంటారు. కొందరు బయటికి, మనిషి పోయిన చోటికి పోయి పేరు పెట్టి పిలుస్తారు. మిగతావాళ్ళు ఇంట్లో తలుపు మూసి, నీడ వస్తే గుర్తు పడేలా నేల మీద బూడిద పరిచి కూర్చుంటారు. నీడ వచ్చిందని అనుకున్నాక తలుపు తీస్తారు. ఆ తరువాత ఆ మనిషి ఎక్కడికో పోయినట్టు కాదు. ఆ నీడ ఇంట్లోనే ఉంటుంది.

"అమ్మ పోయినప్పుడు అన్న రాలేకపోయాడు. పిలవాల్సిన పెద్ద కొడుకు లేడు, నేను పిలిచాను. అమ్మ వచ్చిందో లేదోనని అన్నకు అనుమానం. ఫోను చేసినప్పుడల్లా అదే అడిగేవాడు. వచ్చింది అంటే నమ్మేవాడు కాదు."

"వాళ్ళమ్మ పేరేంది?" అన్నాడు యాదన్న.

"ఫూల్‌మని."

మర్నాడు యాదన్న కానిస్టేబుల్‌కు సర్నా అని చెప్పాడు. "గదేంది? దీంట్ల లేదు" అన్నాడతను. "లేకుంటే మీరే రాసుకోండ్రి సార్" అని యాదన్న గట్టిగా అన్నాడు. తమ్ముడు బయలుదేరాడని తెలిసి కానిస్టేబుల్ ఇంకో రోజు ఆగడానికి ఒప్పుకున్నాడు.

మూడో రోజు పొద్దున మంగ్రా రైలు దిగి వచ్చాడు. బక్క మనిషి, అచ్చం అన్న పోలిక. ఇక్కడ దహనం చేసి, ఎముకలు ఊరికి తీసుకుపోయి తాతముత్తాతల రాయి కింద పెడతామన్నాడు. యాదన్న ముందు తమ ఊరి శ్మశానానికి తీసుకుపోదామనుకున్నాడు. పెద్దమనిషి పెద్దరాములు అడ్డం పడ్డాడు. "బయటోళ్ళను మన దాంట్ల ఎట్ల కాలుస్తం? ఏం కులమో ఏమో."

"మన భూములల్ల ఫ్యాక్టరీలు లేసినప్పుడు ఆ బయటోళ్ళే కావల్సొచ్చిన్రా రాములన్నా?" అన్నాడు యాదన్న. పెద్దరాములు శ్మశానం గేటు తాళం తీయలేదు. చివరికి పటాన్‌చెరులో మున్సిపాలిటీ చోట చితి పేర్చారు. ఖాజా మియా కట్టెలు మోశాడు. కామరాజు గారు మంత్రం చెప్పించనా అని అడిగారు, మంగ్రా వద్దని చేతులు జోడించాడు. ఆయన నొచ్చుకున్నారు గానీ వెళ్ళిపోలేదు. పాస్టర్ అనిల్ రాలేదు. సంగప్ప చివరిదాకా ఉన్నాడు.

మరునాడు పొద్దున చల్లారిన చితిలోంచి ఎముకలు ఏరుకుని, బట్టలో మూట కట్టి, ముత్తంగికి తీసుకుపొమ్మన్నాడు మంగ్రా. యాదన్న తన బండి మీద తీసుకుపోయాడు. సర్వీసు రోడ్డు మీద ట్రైలర్లు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. గోదాముల ముందు హారన్లు మోగుతున్నాయి. సోమ్ పడిన చోట పగిలిన రిఫ్లెక్టరు ముక్క ఒకటి ఇంకా ఉంది. మంగ్రా అక్కడ గొంతుక్కూర్చుని, తమ భాషలో అన్నను పిలిచాడు. ఒకసారి, రెండుసార్లు. ప్రతిసారీ ఏదో లారీ అతని గొంతును మింగేసింది.

మంగ్రా లేచి నిలబడ్డాడు. ముఖం వాడిపోయింది. "ఈ గోలలో వాడికి వినిపించి ఉండదు. మా ఊళ్ళో ఇంత చప్పుడుండదు. నేనేం చేయను?"

నాలుగు రోజులుగా యాదన్న అందరినీ బతిమాలాడు, అందరి మీదా అరిచాడు. ఇప్పుడు చేయి అడ్డం పెట్టి రోడ్డు మీదికి దిగాడు. మొదటి లారీ కీచుమని ఆగింది. దాని వెనక ఇంకోటి ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి తిట్టాడు.

"రెండు నిమిషాలు ఇంజిన్ బంద్ చెయ్యి!" అని అరిచాడు యాదన్న. "మనిషి పోయిండు ఈడ! వాళ్ళ తమ్ముడు పిలుస్తుండు!"

డ్రైవరుకు ఎంత అర్థమైందో గానీ, మూట పట్టుకుని నిలబడ్డ మంగ్రాను చూసి ఇంజిన్ ఆపాడు. వెనకవాళ్ళు హారన్లు ఆపలేదు. అయినా కొంత తగ్గింది. మంగ్రా ఈసారి గొంతెత్తి పిలిచాడు. యాదన్న కూడా తెలియకుండానే అరిచాడు, "సోమూ, నడువ్ బిడ్డా, ఇంటికి పోదాం!"

ఆ సాయంత్రం మంగ్రాను రైలెక్కించి వచ్చి, యాదన్న అన్నం తినకుండా పడుకున్నాడు.

వారం తరువాత మంగ్రా ఫోను చేశాడు. ఎముకలు రాయి కింద పెట్టామన్నాడు. బూడిద పరిచి, తలుపు మూసి, పిలిచి, తీశామన్నాడు.

"వచ్చిండా?" అన్నాడు యాదన్న.

"బూడిదలో గుర్తు కనబడిందని మా పిన్ని అంది. నాకు కనబడలేదు" అన్నాడు మంగ్రా. "కానీ ఇంట్లో అన్నకు కూడా అన్నం తీసి పెడుతున్నాం."

యాదన్న ఇంకేదో అడగాలనుకున్నాడు. ఏం అడగాలో తోచలేదు. ఫోను మల్లవ్వకు ఇచ్చాడు. ఆమెకు హిందీ ఒక్క ముక్క రాదు. అయినా తెలుగులోనే చాలాసేపు మాట్లాడింది.