కట్ట కింద కారు

రామచంద్రప్ప తన సొంత చెరువు మరవకు ఇనుప వల కట్టించాడు. కట్టింది నేనే. చెరువు నిండాక మిగులు నీళ్ళు బయటికి పోయే దారిని మా వైపు మరవ అంటారు. ఆ దారిన నీళ్ళతోపాటు తను పెంచుకుంటున్న చేపలు కూడా పోతున్నాయని ఆయన బాధ. ఆకులూ పుల్లలూ కొట్టుకొచ్చి వలకు అతుక్కుంటే చేపలే కాదు, నీళ్ళు కూడా ఆగిపోతాయని నాకు తెలుసు. కానీ నెల జీతం తీసుకునేవాడికి తెలిసినవన్నీ నోటికి రావు.

ఆయనకు హోసూరు మూకండపల్లిలో లేత్ వర్క్‌షాపు ఉంది. ఇక్కడ వేప్పనపల్లి దగ్గర మామిడితోట కొన్నాడు. తోటలో పారే వంకకు అడ్డంగా జేసీబీతో మట్టికట్ట పోయించి, ఆదివారాలు షికారు చేయడానికి హంస బొమ్మ పడవ ఒకటి తెచ్చి నీళ్ళలో వేశాడు. తోటకూ, చెరువుకూ, హంసకూ కాపలా నేను. కట్టకు సరిగ్గా కిందనే మా చిన్నమ్మ కెంచమ్మ ఇల్లు, మేకల దొడ్డి. ఆమె కూతురు చైత్ర కాన్పుకు వచ్చి ఉంది. నెల తిరగని బిడ్డ ఆ ఇంట్లోనే ఉయ్యాల తొట్టిలో నిద్రపోతోంది.

వానలు మొదలవగానే చిన్నమ్మ నన్ను వెంటబెట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగింది. ఒకచోట ప్రైవేటు చెరువుతో మాకు పనిలేదన్నారు. ఇంకోచోట మా జాబితాలో అది లేదన్నారు. మూడోచోట ఒక పెద్దమనిషి రికార్డు తిరగేసి, ఆ సర్వే నెంబరులో మామిడిచెట్లే ఉన్నాయి, చెరువే లేదన్నాడు. లేని చెరువు ఎలా తెగుతుందని ఆయన ధీమా! నాకు ఒళ్ళు మండింది. చిన్నమ్మ మాత్రం దండం పెట్టి బయటికి వచ్చేసింది.

ఆదివారం రామచంద్రప్ప కొత్త కారులో, నలుగురు స్నేహితులతో దిగాడు. బిరియానీ వడ్డిస్తుండగా చిన్నమ్మ కట్టెక్కి వచ్చింది.

"ఆ వల తీసెయ్యప్పా. నీళ్ళు పొయ్యేకి దావ లేదు. కింద పసిబిడ్డ ఉండాది."

స్నేహితుల ముందు ఆయన తగ్గుతాడా? "ఏనుగుల మంద నడిచినా కదలదు కెంచమ్మా ఈ కట్ట! నేనే ముందర నిలబడి కట్టించినాను."

"అంత గట్టిదా?"

"రాసిస్తాను కావాలంటే."

"రాసిస్తే నాకు చదవను రాదు. నీ కారు మా దొడ్డిలో నిలుపు. వాన నిలిచేదాకా నా మేకల్ని నీ కారు షెడ్లో కట్టుకుంటా."

స్నేహితులు పగలబడి నవ్వారు. ఒకాయన చప్పట్లు కూడా కొట్టాడు. ఇంక రామచంద్రప్ప వెనక్కి తగ్గే దారి లేదు. కారు తనే నడుపుకుంటూ కిందికి తీసుకుపోయి దొడ్డిలో నిలిపి, మీసం దువ్వుకుంటూ తిరిగొచ్చాడు. పద్దెనిమిది మేకలు షెడ్డులోకి చేరి, ముందుగా ఆయన క్రోటన్ మొక్కల పని పట్టాయి.

మూడు గంటలకు ఎగువన కుప్పం వైపు మబ్బు నల్లగా కమ్మి, వంక ఎర్రటి నీళ్ళతో దిగింది. చెరువు చూస్తుండగానే పెరిగింది. కట్ట అంచుకు జానెడు తక్కువకు వచ్చేసరికి రామచంద్రప్ప బిరియానీ పక్కన పెట్టాడు. పేకాట మధ్యలో లేచి చూసొచ్చాడు. మళ్ళీ లేచాడు. మూడోసారి గొడుగు తీసుకుని, స్నేహితులకు కడుపు బాగాలేదని చెప్పి, చెప్పులు చేత పట్టుకుని కిందికి దిగాడు. నేను వెనకాలే పోయాను.

కారు స్టార్టయింది కానీ కదల్లేదు. బురదా మేకల పెంటా కలిసి చక్రాలను సగం మింగేశాయి. చిన్నమ్మ తలమీద గోనెసంచి కప్పుకుని గడపలో నిలబడి చూస్తోంది.

"యాడికప్పా తీసకపోతావు? ఏనుగులు నడిచినా కదలదంటివే!"

"కొత్త బండి కెంచమ్మా! ఇంకా నెంబరు కూడా రాలే."

"నా మనవరాలికి ఇంకా పేరు కూడా పెట్టలేదప్పా!"

ఆయన మళ్ళీ యాక్సిలరేటర్ తొక్కాడు. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఆ ఉయ్యాల తొట్టి నెత్తిన అన్ని నీళ్ళు నిలబెట్టింది వల కట్టిన నా చేతులే.

"రేయ్ అనంతా, నిలబడుకొని చూస్తావేమి? తొయ్యిరా!"

"నేను తొయ్యను సార్. పనిలోంచి తీసేస్తే తీసెయ్యండి," అన్నాను. అన్నాక నాకే భయమేసింది. కారు టూల్ పెట్టెలో కటింగ్ ప్లయర్ ఉంటే తీసుకుని మరవ దగ్గరికి పరిగెత్తాను. కాసేపటికి వెనకనుంచి రొప్పు వినిపించింది. కారును పైకి తేలేకపోతే నీళ్ళను కిందికి దించాలన్న లెక్క ఆయనకు తట్టింది. నేను తీగలు కత్తిరిస్తుంటే, పట్టు పంచె నడుముకు చెక్కి, మొలలోతు నీళ్ళలో నిలబడి ఆయన చెత్త పీకి పారేశాడు. వల ఊడగానే నీళ్ళు ఒక్కసారిగా మరవ దాటి పక్క వంకలో పడ్డాయి. ఏడాదిగా పెంచిన చేపలన్నీ మా కంటే ముందే ఊరు చేరాయి. కట్ట నిలబడింది.

మర్నాడు కారు లాగడానికి ట్రాక్టరు కోసం ఊరంతా తిరిగాడు. ట్రాక్టర్లున్న ముగ్గురి ఇళ్ళూ కట్ట కిందే. ఒకడికి డీజిల్ లేదు, ఒకడికి బ్యాటరీ లేదు, మూడోవాడికి తీరిక లేదు. చివరికి ఆయన చిన్నమ్మ ముందు నిలబడ్డాడు.

"ఇంక వల కట్టను కెంచమ్మా. ఒట్టు."

"ఒట్టు నీ దగ్గరే పెట్టుకో అప్పా. వానలు పొయ్యేదాకా బండి నా దగ్గర ఉండనీ."

ఆ ఏడు వానలు నిలిచేదాకా రామచంద్రప్ప ప్రతి ఆదివారం హోసూరు నుంచి రెండు బస్సులు మారి వచ్చాడు. దిగగానే పంచె ఎగ్గట్టి మరవ దగ్గరికి పోయి, అడ్డుపడిన ఆకులూ పుల్లలూ తన చేత్తోనే తీసేసేవాడు. ఆ తర్వాతే మా చిన్నమ్మ ఇంటికి వచ్చి కాఫీ అడిగేవాడు.