మిషన్ భద్రం

హిందూపురం దాటి పెనుకొండ రోడ్డులో రాళ్ల ఫ్యాక్టరీలు మొదలయ్యే చోట ఇళ్ల గోడలు, వేపాకులు, మేకల వీపులు అన్నీ ఒకే రంగులో ఉంటాయి. ఆ రంగుకు అక్కడివాళ్లు పేరు పెట్టలేదు. రోజూ కళ్ల ముందుండేదానికి పేరెందుకు. వనిత ఆటో దిగేసరికి పది దాటింది. చేతిలో పండ్ల సంచి, ఒంటిమీద కొత్త ధర్మవరం చీర. మధ్యాహ్నం మూడు గంటలకు పెనుకొండలో ఆమెకు సన్మానం.

చేసేది రాళ్ల ఫ్యాక్టరీల యజమానుల సంఘం. వనిత చేసే పని తెలిసినవాళ్లకు అదే వింతగా ఉంటుంది. పనిచేసే చోట మనుషులు ఏం పీలుస్తున్నారో, ఎంత మోత వింటున్నారో, దానివల్ల ఏ జబ్బులొస్తాయో కొలిచి చెప్పడం ఆమె ఉద్యోగం. బెంగళూరులో ఒక పరిశోధన సంస్థ. ఓబులదేవరచెరువు పక్క పల్లెలో గొర్రెలు కాచే ఆమె నాయన గంగప్ప, కూతురు ఏం చేస్తోందని ఎవరైనా అడిగితే ‘దుమ్మును తూకమేస్తాది’ అంటాడు. విన్నవాళ్లు నవ్వుతారు. నిజానికి అంతకన్నా సరిగ్గా ఎవరూ చెప్పలేరు.

రెండేళ్ల కిందట ఆమె రెండు ఫ్యాక్టరీల దుమ్ము తూకమేసింది. పెనుకొండ ఫ్యాక్టరీలో రాయిని పొడిగానే కోస్తారు. హిందూపురంలో బాలాజి అనే ఆసామి ఫ్యాక్టరీలో రంపం మీద నీళ్లు చల్లే గొట్టాలు పెట్టారు. రెండుచోట్లా ఒక్కొక్కచోట తొమ్మిదిమంది కూలీలకు ఆరు రోజులపాటు మిషన్లు కట్టింది. నడుముకు చిన్న పంపు, దాన్నుంచి భుజం మీదుగా ఒక గొట్టం, గొట్టం కొసన చొక్కా కాలరుకు ఒక బిళ్లంత డబ్బా. మనిషి పీల్చే గాలినే ఆ డబ్బా కూడా పీలుస్తుంది. దాంట్లోని ఫిల్టరు మీద దుమ్ము నిలుస్తుంది. సాయంత్రం ఫిల్టరు తీసి తూకమేస్తే ఆ మనిషి లోపలికి ఎంత పోయిందో తెలుస్తుంది.

పెనుకొండ ఫిల్టర్లు బూడిదలో పొర్లినట్టు వచ్చాయి. హిందూపురంవి మల్లెపూలలా వచ్చాయి. నీళ్లు చల్లితే పదిపాళ్లలో తొమ్మిదిపాళ్ల దుమ్ము చస్తుందని ఆమె రాసిన వ్యాసం పెద్ద పత్రికలో పడింది. యజమానులకు పండగైంది. దుమ్ము లాగే పెద్ద ఫ్యాన్లు బిగించే పని తప్పింది, నాలుగు నీళ్ల గొట్టాలతో సరిపోయింది. తనిఖీకి వచ్చేవాళ్లకు ఆ వ్యాసమే చూపించి పంపిస్తున్నారు. వచ్చే సోమవారం వనితకు పెద్ద ఉద్యోగానికి ఇంటర్వ్యూ. ఆమె గురువు దుర్గాప్రసాద్, ఈ ఒక్క వ్యాసం చాలమ్మా, కుర్చీ నీదే అన్నాడు.

సన్మానానికి వస్తూ వస్తూ ఆమెకు ఉలిగప్ప గుర్తొచ్చాడు. హిందూపురం ఫ్యాక్టరీలో ఆ ఆరు రోజులూ మిషన్ విప్పకుండా, విసుక్కోకుండా కట్టుకున్న మనిషి. తనతోపాటు వేదిక మీద కూర్చోబెట్టాలని వచ్చింది.

ఉలిగప్ప గడపలోపల మంచం మీద కూర్చుని ఉన్నాడు. పడుకోలేదు. మూడు దిండ్లు ఒకదానిమీద ఒకటి పెట్టి వాటికి ఆనుకున్నాడు. వనిత గొర్రెల మధ్య పెరిగిన పిల్ల. మనిషి ముఖం కంటే ముందు ఆమె కన్ను డొక్కల మీదికి పోయింది. జబ్బు గొర్రెకు ఎగిరినట్టు ఎగురుతున్నాయి.

‘‘వస్తివా మేడమ్మా,’’ అన్నాడు ఉలిగప్ప. ఆ రెండు మాటలకు మధ్య ఒకసారి ఊపిరి తీసుకున్నాడు.

భార్య అంజినమ్మ పీట వేసింది. ఆమె చెప్పినదాని ప్రకారం దగ్గు మొదలై ఏడాది దాటింది. టీబీ అన్నారు. ఎనిమిది నెలలు మాత్రలు మింగాడు. మాత్రలు అయిపోయాయి గాని జబ్బు పోలేదు. చివరికి ఒక చిన్న డాక్టరు ఎక్స్‌రే చూసి, ఇది టీబీ కాదు, రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని గట్టిపడే జబ్బులా ఉందని కాగితం రాసిచ్చాడు. పనివల్ల వచ్చిన జబ్బని తేలితే మందులూ మనుగడా ఫ్యాక్టరీ చూసుకోవాలి. ఆ కాగితం జబ్బులు తేల్చే కమిటీకి పోయింది. కమిటీ జవాబు ఇదిగో అని అంజినమ్మ ఒక కవరు తెచ్చి ఇచ్చింది.

వనిత చదివింది. ఆ ఫ్యాక్టరీలో దుమ్ము హద్దులోనే ఉందని శాస్త్రీయంగా రుజువైనందున ఇది పనివల్ల వచ్చిన జబ్బు కాదు అని ఉంది. కింద రుజువు జతచేశారు. జతచేసింది ఆమె వ్యాసమే. ఆమె పేరు కింద ఎవరో ఎర్రసిరాతో గీత గీశారు.

ఆమె ఆ కాగితాన్ని రెండోసారి చదివింది. అయినా లోపల ఒక మూల లెక్క కడుతూనే ఉంది. పాత దుమ్మై ఉండాలి. నీళ్ల గొట్టాలు పెట్టకముందు పీల్చింది. ఫిల్టర్లు అబద్ధం చెప్పవు కదా. అలా సర్దుకుని, ఏదో ఒకటి మాట్లాడాలని, మిషన్‌ను అందరికంటే నువ్వే బాగా చూసుకున్నావన్నా అంది.

అంజినమ్మ పొయ్యి దగ్గర నుంచే నవ్వింది. ‘‘ఈయప్ప యాడ చూసుకునె. చూసుకునింది నేను గదా.’’

లేచి, మంచం కిందనుంచి రేకుపెట్టె లాగి, ఒక ప్లాస్టిక్ కవరు తీసింది. దాంట్లో తొమ్మిది చిన్న సంచులు. రెండు పొరల తెల్లగుడ్డతో, మూతి దగ్గర నాడా పెట్టి, కుట్టు ఎక్కడా పక్కకు పోకుండా కుట్టినవి. ఒక్కొక్కటీ కోడిగుడ్డు పట్టేంత ఉంది.

‘‘నువ్వు చెప్పి పోతివి గదా, మిషన్ భద్రం అని. మొదటి దినం రెండు గంటలకే డబ్బా మీద దుమ్ము పడిందంట. వీళ్లంతా బయపడిరి. మేడం వచ్చి చూస్తే ఏమంటాదోనని. ఆ పొద్దు మధ్యాన్నం సద్ది తీసుకుపోయినప్పుడు చూసినా. ఇంటికొచ్చి ఆ డబ్బాలకు తొడగను గంటలో తొమ్మిదీ కుట్టేసినా. మా అమ్మోళ్లది ధర్మవరం. మగ్గం మీద చీరకు గుడ్డ కప్పేది పుట్టినప్పట్నుంచీ చూసినదాన్ని. అంత విలువైనదాన్ని దుమ్ములో ఉత్తగా ఎట్ల పెడతారు?’’

వనిత సంచిని చేతిలోకి తీసుకుంది.  

ఆమెకు ఒక్కొక్కటీ ఇప్పుడు కనిపిస్తోంది. పొద్దున ఎనిమిదికి హిందూపురంలో మిషన్లు కట్టేది. ‘మిషన్ భద్రం అన్నా’ అని చెప్పి పెనుకొండ బస్సెక్కేది. పగలంతా అక్కడే ఉండేది. నాలుగున్నరకు తిరిగొచ్చి మిషన్లు విప్పేది. రెండు రోజులు కొన్ని పంపులు గాలి పీల్చే వేగం తగ్గి ఉంటే బ్యాటరీ అనుకుంది. మొదటి రోజు ఫిల్టర్లు మాత్రం కొంచెం నల్లగా వస్తే, కొత్తగా కట్టుకున్నారు, చేతులతో తడిమి ఉంటారని ఆ రోజు లెక్క తీసేసింది. వ్యాసంలో, పనివేళంతా పరిశోధకురాలు అక్కడే ఉండి గమనించింది అనే వాక్యం ఉంది. తన పాత వ్యాసం నుంచి తీసి పెట్టుకున్న వాక్యం. పెనుకొండకు అది నిజం.

‘‘నేను విప్పేటప్పుడు ఇవి ఒక్కసారి కూడా లేవు గదక్కా,’’ అంది. 

‘‘ఎట్లుంటాయి? నువ్వొచ్చే పొద్దుకు తీసేసి, తుడిచి పెట్టేటోళ్లు. ఒకరి వస్తువు తెచ్చుకుంటే ఎట్ల తెచ్చుకున్నామో అట్లే ఇయ్యల్ల గదా. గిన్నె తెచ్చుకుంటే కడిగియ్యమా?’’

తొమ్మిదిలో ఎనిమిది సంచులు తెల్లగా ఉన్నాయి. ఒకటి మాత్రం ఆ ఇళ్ల గోడల రంగులో ఉంది. అది ఉలిగప్పది. చివరి రోజు జేబులో పెట్టుకుని మరిచిపోయాడు. తక్కినవన్నీ ఉతికాక ఇచ్చాడు. మళ్లీ మేడం మిషన్లు తెస్తే పనికొస్తాయని అంజినమ్మ అన్నీ దాచింది, దాన్ని ఉతకడమే మరిచింది.

వనిత ఆ సంచి నాడా విప్పి, వేలు లోపలికి పెట్టి, తిరగేసింది. లోపలి పొర కుట్టిననాటి లాగే తెల్లగా ఉంది, దుమ్మంతా బయటి పొరే పట్టేసింది. వేళ్ల మధ్య సన్నటి పిండి రాలింది. ఆమె కొత్త చీర మీద పడింది. దులుపుకోలేదు.

బయటికొచ్చి దుర్గాప్రసాద్‌కు ఫోన్ చేసింది. సంచుల సంగతి మొత్తం చెప్పింది.  నువ్వు అక్కడ లేవా వనితా అని అడిగాడు. లేను సార్ అంది. ఆయన మంచివాడు. ఆమెకు చదువు చెప్పించినవాడు. తొందరపడొద్దన్నాడు. సోమవారం దాటనీ, తరువాత నెమ్మదిగా సవరణ ఒకటి పంపుదాం, వ్యాసం వెనక్కి తీసుకుంటే నీ పేరుకు అదొక మచ్చగా నిలిచిపోతుంది, ఈ రంగంలో ఆ మచ్చ పోదు అన్నాడు. అందులో అబద్ధమేమీ లేదు. ఆమె విని ఫోన్ పెట్టేసింది.

గోడవతల రంపం మోత ఆగకుండా వస్తోంది. నీళ్లు చల్లుతూనే కోస్తున్నారు. నీళ్లు నిజంగా ఎంత దుమ్మును చంపుతాయో ఇప్పుడు ఆమెకు తెలియదు. ఎవరికీ తెలియదు. తెలుసని చెప్పింది తనే.

లోపలికి వచ్చేసరికి అంజినమ్మ కాఫీ పెట్టింది. చెప్పకుండా పోవచ్చు. ఆ కవరు తీసుకుని, చూస్తానక్కా అని ఆటో ఎక్కవచ్చు. వనిత గ్లాసు కింద పెట్టి చెప్పింది. ఆ డబ్బా దుమ్ము పట్టడానికే పెట్టింది, దుమ్ము తగలకూడదని కాదు. దానికి ఎంత పడితే ఉలిగప్పన్నకు అంత పోయినట్టు. దానికేమీ పడలేదు గనుక ఫ్యాక్టరీలో దుమ్మే లేదని నేను రాసినాను. నేను రాసింది చూసి కమిటీ మీ కాగితం తోసేసింది.

అంజినమ్మ నిలబడే ఉంది. చేతిలో మసిగుడ్డ. గోడకు ఆనుకుని నేలమీద కూర్చుంది.

‘‘అయితే నేనే కప్పిపెట్టినానా,’’ అంది. ఎవరినీ అడగలేదు.

ఉలిగప్ప దగ్గాడు. దగ్గు ఆగడానికి సేపు పట్టింది. ఆగాక భార్య వైపు చూసి, చిన్నగా, ఎప్పుడూ ఎగతాళి చేసే గొంతుతోనే అన్నాడు.

‘‘మిషన్‌కు కుట్టినావు గదే. నాకొకటి కుట్టింటే అయిపోయేది.’’

అంజినమ్మ నవ్వబోయింది. పెదవులు సగం దాకా వచ్చి అక్కడే వంకర తిరిగాయి. మసిగుడ్డ ముఖానికి అడ్డం పెట్టుకుంది.

వనిత ఆమె పక్కన నేలమీద కూర్చుంది. తప్పు నీది కాదక్కా అంది. ఆ మాట ఎంత తేలికో అన్నాక తెలిసింది. అందుకని ఇంకో మాట చెప్పింది. ‘‘భద్రం అని చెప్పి నేను బస్సెక్కిపోయినా. దేనికి భద్రమో చెప్పలేదు. మనిషికి అని చెప్పలేదు. ఒక్క పొద్దు ఈడ నిలబడింటే చూసేదాన్ని.’’

 ఉలిగప్ప ఊపిరి గదిలో వినిపిస్తోంది, జల్లెడ పట్టినట్టు.

అతనే అడిగాడు. ‘‘ఇప్పుడు నువ్వు రాసింది తప్పని చెప్తే ఏమైతాది?’’

‘‘నీ కాగితం మళ్లీ చూస్తారన్నా. చూడక తప్పదు.’’

‘‘నాది సరే. నీకేమైతాది?’’

వనిత ఫోన్ తీసింది. పత్రికవాళ్లకు రాయడం మొదలుపెట్టింది. ఇంగ్లీషులో రెండు వాక్యాలు. ఆ వ్యాసంలోని హిందూపురం లెక్కలు తప్పు. కొలిచేటప్పుడు నేను అక్కడ లేను. రెండో వాక్యం రాశాక వేలు కాసేపు గాలిలో ఆగింది. నాయన మాట గుర్తొచ్చింది. దుమ్మును తూకమేస్తాది. ఆ రోజుల్లో ఆమె తూకమేసింది అంజినమ్మ శుభ్రాన్ని. నొక్కింది. చిన్న చప్పుడుతో అది పోయింది. అదే ఉత్తరం దుర్గాప్రసాద్‌కూ, కమిటీకీ పంపింది.

పెనుకొండ నుంచి అప్పటికే రెండుసార్లు ఫోన్ వచ్చింది. శాలువా తెచ్చాం, బయలుదేరారా అని. బయలుదేరుతున్నాను, అక్కడ నేను చెప్పాల్సింది ఒకటుంది అని చెప్పింది. అవతలివాళ్లు సంతోషించారు.

‘‘అక్కా, ఆ సంచి నాకు కావల్ల,’’ అంది లేస్తూ. ‘‘కమిటీకి చూపించల్ల. ల్యాబులో పెట్టి ఆ పిండి రాతిదేనని తేల్చల్ల.’’

అంజినమ్మ ముఖం తుడుచుకుని లేచింది. సంచి తీసుకుని, దాని రంగు చూసి, సిగ్గుపడినట్టు తల వంచుకుంది. అలవాటున ఆమె కాళ్లు పెరట్లోకి నడిచాయి. బిందెలో చెంబు ముంచిన చప్పుడైంది.

వనిత వెనకాలే పరుగెత్తి, తడి తగలకముందే ఆమె మణికట్టు పట్టుకుంది.

‘‘ఉతకద్దక్కా. అట్లే ఇయ్యి.’’

‘‘ఇంత మురికిదా? కమిటీవోళ్లు ఏమనుకుంటారు?’’

‘‘అనుకోనీ.’’

అంజినమ్మకు పెళ్లై ఇరవై రెండేళ్లు. ఒకరి చేతికి మురికి వస్తువు ఇచ్చి ఎరగదు. చాలాసేపు ఆ సంచిని పట్టుకునే నిలబడింది. తరువాత చెంబులోని నీళ్లు పక్కనున్న కనకాంబరం మొక్కకు పోసేసి, చేయి కొంగుకు తుడుచుకుని, పిండి రాలకుండా రెండు చేతుల దోసిట్లో సంచిని అందించింది.

‘‘భద్రం మేడమ్మా,’’ అంది.