చాంద్‌మారి మైసమ్మ

ఆ మూడు రాళ్లకు దండం పెట్టినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఫారెస్టు బీట్ ఆఫీసర్‌ని, పేరు భాస్కర్. గడ్డి పేర్లు, పిట్టల పేర్లు అన్నీ తెలుసు. ఒక రాయి అక్కడ ఎందుకుందో అడిగే తెలివి మాత్రం లేకపోయింది.

వర్ధన్నపేట దాటి లోపలికి పోతే ఎనిమిది వందల ఎకరాల బీడు. ఎర్రమట్టి, బోదగడ్డి, రేగుపొదలు, తంగేడు. మిలటరీవాళ్లు అక్కడ ముప్పై ఏళ్లు ఫిరంగులు కాల్చడం నేర్చుకున్నారు. ఊళ్లవాళ్లు దాన్ని చాంద్‌మారి అంటారు. కాల్పులున్న రోజు గుట్టమీద ఎర్రజెండా ఎగిరేది. అది దిగేదాకా మేకల్ని కూడా అటు తోలేవాళ్లు కాదు. మిలటరీ వెళ్లిపోయాక చూస్తే, మనిషి అడుగుపెట్టని నేల కాబట్టి జింకలూ కౌజుపిట్టలూ నెమళ్లూ మిగిలాయి. దాన్ని మా శాఖకిచ్చి సంరక్షణ కేంద్రం అన్నారు. బాంబుల పుణ్యాన బతికిన జింకలు అని వచ్చినవాళ్లతో జోకులు వేసేవాణ్ణి. ఇప్పుడవి గుర్తొస్తే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

పేలకుండా మట్టిలో మిగిలిపోయిన గుండ్లు ఏరడానికి ఒక బృందం యంత్రాలతో వచ్చింది. తూర్పు వాలులో మూడు రాళ్లు, వాటికి చుట్టిన ఎర్రగుడ్డ, పసుపు కుంకుమ, పక్కన ఎవరో గుచ్చిన ఇనుప త్రిశూలం. యంత్రం కూసింది. "త్రిశూలానికి కూస్తోంది సార్. మైసమ్మ తల్లి, కదిలిస్తే ఊరు ఊరుకోదు" అన్నాను. వాళ్లు బూట్లు విప్పి దండం పెట్టారు, పక్కనుంచి పోయారు. నేల శుభ్రమైందని కాగితం ఇచ్చారు. కింద సాక్షిగా నా సంతకం ఉంది.

ఆ నెలంతా సమ్మమ్మ కొత్తవాడలో కూతురింట్లో ఉంది. ఆమె మా దగ్గర రోజుకూలి వాచర్, అరవై దాటిన మనిషి. తిరిగొచ్చిన రోజే నన్నడిగింది.

"సారూ, గా రాళ్ల కిందిది తీసిండ్రా?"

"రాళ్ల కింద ఏముందవ్వా?"

"గుండు. నా కొడుకు రాజమల్లు ఇత్తడి కోసమని ఒకదాన్ని కొట్టి గాడనే సచ్చిండు గదా. దాని పక్కన ఇంకోటి సగం కూరుకపోయి ఉండె. ఎవ్వలు తొక్కద్దని నేనే మన్నేసి రాళ్లు పెట్టిన. నా చీర చింపి కట్టిన, ఎర్రజెండ లెక్క. జెండ సూస్తె ఎవ్వలు రారనుకున్న. గిప్పుడు కొబ్బరికాయలు కొట్టబట్టిరి."

యంత్రం కూసింది త్రిశూలానికి కాదని అప్పుడు అర్థమైంది. కానీ నోట్లోంచి వచ్చింది మాత్రం "చూద్దాంలే అవ్వా" అన్న మాట. పైవాళ్లకు చెబితే కాగితం రద్దవుతుంది, కేంద్రం ప్రారంభోత్సవం ఆగుతుంది, సంతకం ఎవరిదని అడుగుతారు. భయపడ్డాను. పొద్దున హాజరు వేయించుకునేటప్పుడు ఆమె రోజూ అడిగేది, "సూసినవా సారూ?" అని. నేను రిజిస్టర్‌లోకి చూస్తూ రేపు అనేవాణ్ణి. ఆమె ఇక పనంతా మాని ఆ రాళ్ల దగ్గరే కూర్చుని, వచ్చినవాళ్లను అదిలించడం మొదలుపెట్టింది. జనం ఆమెను పూజారమ్మ అనుకుని కొబ్బరిచిప్పలు ఒళ్లో పెట్టి పోయేవాళ్లు.

అంతలో ఊరు తల్లికి సిమెంటు గద్దె కట్టాలనుకుంది. సంరక్షణ కేంద్రంలో ఇటుక పెట్టకూడదన్నది రూలు. ఆ ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. సిమెంటు కిందికి పోతే గుండును ఇక ఎవరూ తొక్కరు, నా పీడా విరగడవుతుంది అనుకున్నాను. పునాదికి తవ్వుతారన్నది తట్టలేదని ఎంక్వైరీలో చెప్పాను. అది అబద్ధం. తట్టింది.

ఆదివారం పొద్దున డప్పులతో వచ్చారు. మరిపెడ నుంచి పండరి అనే మేస్త్రి, అతని భార్య ప్రేమలత వచ్చారు. సమ్మమ్మ రాళ్లను కావలించుకుని కూర్చుంది. లేపబోతే కొప్పు ఊడి జుట్టంతా విడిపోయింది.

"తవ్వకుండ్రి. సస్తరు, అందరు సస్తరు."

డప్పు జోరందుకుంది. తల్లి వచ్చిందన్నారు. ఆమె ముఖానికి పసుపు పూశారు, చేతిలో వేపమండ పెట్టారు, కాళ్లమీద బిందెడు నీళ్లు పోశారు.

"ఏం గావాలె తల్లీ? యాటపోతునిస్తం, బోనం జేస్తం" అంది ఒకామె చేతులు జోడించి.

"నాకేమొద్దు. కింద గుండున్నది. గీడికెల్లి పోండ్రి."

"అలిగింది తల్లి. గద్దె ఆలస్యమైందని అలిగింది" అన్నాడు వెనక ఎవరో.

అప్పుడామె నన్ను చూసింది. "సారూ, నువ్వన్న జెప్పు."

డప్పు ఆగింది. యాభై మంది నా వైపు తిరిగారు. నాకు మళ్లీ ఆ సంతకమే కనబడింది.

"అవ్వను పక్కకు తీసుకుపోండి, ఎండ తగుల్తుంది" అన్నాను.

నలుగురు ఎత్తుకుని చింతచెట్టు దాకా తీసుకుపోయారు. జనం డప్పులతో ఆ వెంటే పోయారు, నేనూ పోయాను. పండరి గడ్డపారకు కుంకుమ పెట్టి కళ్లకద్దుకున్నాడు. ప్రేమలత బిందె దించుతోంది. రెండో పోటుకు నేల లేచింది. పండరినీ ప్రేమలతనూ ఒకే గుడ్డలో మూటగట్టి పంపాల్సి వచ్చింది.

ఎంక్వైరీ వాళ్లు అందరినీ అడిగారు, సమ్మమ్మను తప్ప. నా కాగితంలో 'స్థానికుల మత విశ్వాసాల దృష్ట్యా రాళ్లు కదల్చలేదు' అని రాసుకుని బయటపడ్డాను. ఊళ్లో ఇప్పుడు ఒకటే మాట, తల్లి ముందే చెప్పింది, మనమే వినలేదని. ఆమె గుడిసె ముందు ప్రతి ఆదివారం వరస కడుతున్నారు. సమ్మమ్మను పీటమీద కూర్చోబెట్టి కాళ్లకు పసుపు రాస్తున్నారు. "నాకు తల్లి రాలే బిడ్డా. గుండున్నదని జెప్పిన" అని ఆమె ఒక్కొక్కరికీ చెబుతోంది. వాళ్లు తలూపి, రాస్తూనే ఉన్నారు.

పోయిన ఆదివారం నేనూ ఆ వరసలో నిలబడ్డాను. అందరి ముందూ నిజం చెప్పేయాలని ఇంట్లో వందసార్లు అనుకుని వెళ్లాను. నా వంతు వచ్చింది. ఆమె నా ముఖంలోకి చూసింది.

"సూసినవా సారూ?"

"తల్లి నిన్నే అడుగుతాంది, చెప్పు" అని వెనకనుంచి ఎవరో తోశారు. అందరిలాగే వంగి పాదాలు ముట్టబోయాను. సమ్మమ్మ కాళ్లు వెనక్కి తీసుకుంది.