ఎనిమిది చుక్కలు

పదకొండో టెలిగ్రామ్ సగంలో ఉండగా ఆమె చెయ్యి జారింది. ఆ సంగతి చెవి కంటే ముందు మణికట్టుకు తెలిసింది. వెంటనే ఆగి, మీటను గబగబా ఎనిమిదిసార్లు నొక్కింది. తప్పు వెళ్ళింది, కొట్టేయండి అని చెప్పడానికి తీగ మీద ఉన్న మాట అదొక్కటే. వరసగా ఎనిమిది చుక్కలు. తరువాత, సరిగ్గా వెళ్ళిన చివరి మాట దగ్గరికి తిరిగొచ్చి, అక్కడినుంచి మళ్ళీ అందుకోవాలి.

ఆ రోజు ఆమె తప్పులు లెక్కపెట్టడానికి పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్న సూపరింటెండెంటు కాగితం మీద ఒక గీత గీశాడు.

"నాలుగోదమ్మా ఇది. ఐదు దాకా ఫరవాలేదు. ఆరోది పడిందా, రేపట్నుంచి మీరు కౌంటర్లోనే. నా చేతుల్లో ఏం లేదు."

"తెలుసు సార్," అంది, మీట మీదనుంచి చూపు తిప్పకుండానే.

చిన్నాచితకా తప్పుల్ని అవతలివాళ్ళే సర్దుకుంటారని మిగతావాళ్ళు చూసీచూడనట్టు పోనిస్తారు. వాళ్ళ కాగితాల మీద గీతలుండవు. ఈమెకు ఆ విద్య అబ్బలేదు. ఒక్క అక్షరం పొల్లుపోయినా ఎనిమిదీ కొట్టాల్సిందే. అందుకే ఇరవై ఆరేళ్ళుగా ఆఫీసులో ఆమె పేరు చుక్కలమ్మ. అప్పట్లో గీతలు తక్కువే పడేవి. ఏడాదిగా బొటనవేలి కీలు పట్టేస్తోంది. తీగ మీద ప్రతి అక్షరమూ చుక్కలూ గీతలే; మీటను నొక్కిపట్టి గీత పంపాల్సిన చోట చెయ్యి తొందరపడి లేచిపోతుంది, గీత కాస్తా చుక్కవుతుంది.

ఇంట్లోనూ ఇదే వరస. కోపంలో ఒక మాట ఎక్కువ అనేస్తే బల్ల మీద ఎనిమిదిసార్లు కొట్టి, సరైన చివరి మాట దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టేది. తిట్లు రెండోసారి ఎప్పుడూ మెత్తగానే ఉండేవి. భర్త దర్జీ. కత్తెర పడిన గుడ్డ మళ్ళీ అతకదు కాబట్టి, ఈ సౌకర్యం చూసి అతనికి కాస్త అసూయ.

మధ్యాహ్నం ఎదురుగా ఉన్న అతని దుకాణంలోనే భోజనాలు. ఆమె చేతికి పని తగలకుండా అతనే కూర వడ్డించాడు.

"కౌంటరైతే ఏమైంది? మనుషుల మొహాలు చూడొచ్చు."

"మొహాలు చూసి ఏం చేసుకోను? మా అన్నయ్యతో మాట పోతుంది."

అన్నయ్య అంటే తీగకు అవతలి కొసన కూర్చునే మనిషి. ఆమె ఎప్పుడూ చూడలేదు. అతను మీట బరువుగా, తీరిగ్గా నొక్కుతాడు. జలుబు చేసిన రోజు ఇంకా తీరిక. పనయ్యాక రోజూ రెండు ముక్కలు మాట్లాడుకుంటారు. కూతురు పుట్టినప్పుడు ఆమె అందరికంటే ముందు చెప్పింది అతనికే.

"బాగుంది. ఇన్నేళ్ళనుంచీ బావమరిది, ఒక్కపూట మనింట్లో భోంచేసిన పాపాన పోలేదు," అన్నాడు భర్త. ఆమె నవ్వింది.

మూడింటికి ఐదో గీత పడింది. అక్కడినుంచి ఆమె ఊపిరి బిగబట్టి పంపింది. నాలుగున్నరకు పంపమని ఒక టెలిగ్రామ్ వచ్చింది, ఎవరో తల్లి కొడుక్కి ఇచ్చింది: నాన్నకు ఆపరేషన్. పెద్దాసుపత్రి, నాలుగో వార్డు. వెంటనే బయలుదేరు.

నాలుగంటే నాలుగు చుక్కలు, ఒక గీత. నాలుగు చుక్కలూ బాగానే వెళ్ళాయి. గీత దగ్గర చెయ్యి లేచిపోయింది. అవతలికి చేరినవి ఐదు చుక్కలు, అంటే ఐదు.

సూపరింటెండెంటు పెన్సిల్ కదల్లేదు. ఆయనకు ఎనిమిది చుక్కలు లెక్కపెట్టడం వచ్చు గాని, ఒక్క చుక్క తేడా పట్టే చెవి లేదు. అన్నయ్యకూ అనుమానం రాలేదు. ఐదో వార్డు కూడా ఉంటుంది కదా. ఇంకో పది మాటలు జాగ్రత్తగా పంపేస్తే రోజు గడిచిపోతుంది. నాలుగో వార్డుకూ ఐదో వార్డుకూ మధ్య గోడే కదా, వచ్చినవాడు అడిగి తెలుసుకోడా అనుకుంది. కాని రాత్రంతా ప్రయాణం చేసి వచ్చి, ఐదో వార్డులో మంచం మంచం వెతికి, తండ్రి కనపడకపోతే ఆ కొడుకు మొదట ఏమనుకుంటాడు? ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ తండ్రి కోసమో తన కోసమో ఆమెకే తెలియలేదు.

ఎనిమిది చుక్కలు కొట్టింది. పెద్దాసుపత్రి అని మళ్ళీ పంపింది. ఎడమచేత్తో కుడి మణికట్టు అదిమిపట్టి, నాలుగు పంపింది.

"ఎందుకమ్మా?" సూపరింటెండెంటు తలెత్తాడు. "నాకు బాగానే వినపడిందే?"

"ఐదు పోయింది సార్. నాలుగు పోవాలి."

ఆయన కాసేపు పెన్సిల్ వేళ్ళమధ్య తిప్పి, చివరికి ఆరో గీత గీశాడు.

ఐదింటికి పని ముగిసింది. అవతలినుంచి మామూలుగానే వచ్చింది: ఈరోజుకింతే చెల్లీ. రేపు కలుద్దాం. ఆమె వేళ్ళు అలవాటుకొద్దీ జవాబు నొక్కేశాయి: అలాగే అన్నయ్యా, రేపు.

ఆగింది. ఎనిమిది చుక్కలు కొట్టింది. సరైన చివరి మాట దగ్గరికి వెళ్ళి, అన్నయ్యా అని మళ్ళీ పంపింది. తరువాత, సెలవు.

అవతలినుంచి, అందింది అని వచ్చింది, ఎప్పటికంటే తీరిగ్గా. ఈ ఎనిమిది చుక్కలకు సూపరింటెండెంటు గీత గీయలేదు. ఆమె చెప్పులు తొడుక్కుని, భర్త దుకాణం మూసే వేళకు వీధి దాటింది.

మర్నాడు ఆ సీటుకు పొడుగాటి మనిషి వచ్చాడు. ఆ బల్ల ఎత్తు ఆమెకెప్పుడూ అందేది కాదు. భర్త దుకాణంలో మిగిలిన గుడ్డముక్కలు కూరి కుట్టిన దిండు మీద కూర్చునేది. కౌంటర్లో నిలబడి చేసే పని కాబట్టి దాన్ని తీసుకెళ్ళలేదు. కొత్త మనిషి దాన్ని తీసి కిటికీలో పెట్టాడు. కుడి పక్క అణిగి, ఎడమ పక్క ఉబ్బి, సాయంత్రం దాకా అది అక్కడే ఉంది.