పెంకులు దించిన వీధి

ఆ ఏడాది ఎండలు ముదురుతున్నప్పుడు గోనెసంచుల వీధిలో ఎలుకలు పట్టపగలే బయటికొచ్చి చావడం మొదలుపెట్టాయి. మనిషి అలికిడికే పారిపోయే ఎలుక తాగినవాడిలా తూలుతూ వచ్చి నడివీధిలో కూలబడుతుంటే మొదటిరోజు జనం నవ్వుకున్నారు. నాలుగో రోజు సంచులు కుట్టే ముసలాయనకి జ్వరం తగిలింది. గజ్జల్లో నిమ్మకాయంత బిళ్ళ కట్టింది. వారం తిరిగేసరికి ఆయన లేడు, ఆయనకి సేవ చేయడానికొచ్చిన కూతురూ లేదు. ఆ తరవాత ఎవరూ నవ్వలేదు. ప్లేగు అన్న పేరు నోటితో అనడానికే భయపడి "అది" అనేవారు. ఫలానా ఇంట్లోకి అది వచ్చిందట అని ఒకరి చెవిలో ఒకరు చెప్పుకునేవారు.

పురపాలక ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. వీధి అంతా ఖాళీ చేసి ఊరి బయట మైదానంలో వేసిన డేరాల్లోకి పోవాలి. జబ్బుపడ్డవాళ్ళని రేకుల షెడ్డులో పెట్టిన ఆసుపత్రిలో చేర్చాలి. అరవై మూడు ఇళ్ళకీ కప్పులు విప్పి, గదుల్లో పది రోజులు ఎండ పడనివ్వాలి. ఎలుకల ఒంటిమీద గెంతే పురుగులే జబ్బుని మోస్తున్నాయని, అవి చీకట్లో గోనెల మధ్య బతుకుతాయని, ఎండకి తట్టుకోలేవని డాక్టరు చెప్పాడు.

కప్పులు విప్పడానికి ఊళ్ళో పెంకులు నేసే మేస్త్రీలు ఐదుగురున్నారు. కబురు అందగానే ఒకడికి నడుం పట్టేసింది. ఒకడి అత్తగారికి ఉన్నట్టుండి ఒంట్లో బాగాలేకపోయింది. ఇద్దరు ఏకంగా ఇంటికి తాళాలు పెట్టుకుని పోయారు. మిగిలింది పిల్లి మేస్త్రి ఒక్కడే. నలభై ఐదేళ్ళవాడు, బక్కపలచటి మనిషి. కప్పు మీద అడుగు చప్పుడు కింద పడుకున్నవాడికి వినపడనివ్వడని ఆ పేరు పడింది. ఆ వీధిలో నలభై ఇళ్ళకి పైగా అతనూ, అతని తండ్రీ నేసినవే. అతను పైనుంచి పెంకు జారవిడిస్తే కింద భార్య పట్టుకునేది. ఇరవై ఏళ్ళలో ఆమె చేతిలోంచి జారిన పెంకులు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. మాట మాత్రం ఎప్పుడూ జారనిచ్చేది కాదు, సూటిగా విసిరేది.

"గునపాలు పెట్టి కూలగొట్టెయ్. రెండు రోజుల్లో అయిపోవాలి" అన్నాడు డాక్టరుతో కలిసి మేస్త్రి ఇంటికొచ్చిన ఆఫీసరు.

"కూలగొట్టడానికి మేమెందుకండీ? దున్నపోతుల్ని తోలండి" అంది గుమ్మం దగ్గర నుంచున్న భార్య.

మేస్త్రి ఆమె వైపు ఒకసారి చూసి, డాక్టరుతో మెల్లగా చెప్పాడు. "దింపుతానండీ. ఎలా నేశానో అలాగే, వరసకో గుర్తు పెట్టి, ఎవరి పెంకులు వాళ్ళ పెరట్లో పేరుస్తాను. వానలకి ముందు మళ్ళీ నేస్తాను. ఇల్లు నాశనమైపోతుందనుకున్నవాడు తలుపు తియ్యడు. మళ్ళీ నిలబడుతుందని తెలిస్తే తీస్తాడు."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"రోజుకి నాలుగిళ్ళు."

డాక్టరు నుదురు రుద్దుకున్నాడు. నిద్రలేక అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "సరే, ఏ ఇంటితో మొదలుపెడతావు?"

"మా అక్క ఇంటితో" అన్నాడు మేస్త్రి.

అక్క అతనికంటే పదేళ్ళు పెద్దది. తల్లి పోయినప్పుడు అతనికి మూడేళ్ళు. చంకనేసుకుని పెంచింది. పెళ్ళయి గోనెల వ్యాపారి ఇంటికి వెళ్ళినప్పుడు కూడా తమ్ముణ్ణి వెంటబెట్టుకునే వెళ్ళింది. ఆమె ఇల్లు వీధి మొదట్లోనే ఉంది. దాన్ని వదిలేసి పక్కింటి మీదికి నిచ్చెన వేస్తే వీధంతా తనని కడిగేస్తుందని అతనికి తెలుసు.

మర్నాడు పొద్దున్నే నిచ్చెనతో వెళ్ళేసరికి అక్క గుమ్మానికి అడ్డంగా రెండు చేతులూ చాపి నుంచుంది.

"మీ బావ ఊళ్ళో లేరు. సరుకు కోసం వెళ్ళారు. ఆయన వచ్చాక చూద్దాం పో."

"అప్పటిదాకా ఆగేది కాదక్కా. నువ్వు ముందు డేరాలోకి పద. ఇల్లు నేను చూసుకుంటాను."

"నా ఇంటి కప్పు మీద చెయ్యేస్తే నువ్వు నాకు తమ్ముడివే కాదు."

"తమ్ముణ్ణి కాకపోయినా మేస్త్రినే కదా" అన్నాడతను. పక్కింటి గోడకి నిచ్చెన ఆనించి అటునుంచి ఎక్కాడు.

అక్క వీధిలో నిలబడి నోటికొచ్చినట్టు తిట్టింది. పెంచిన చేతులు విరిగిపోవాలని తన చేతుల్నే తిట్టుకుంది. అతను ఇంటి కొప్పు మీది పెంకులు ముందు విప్పి, తరవాత వరసలు ఒక్కొక్కటే కిందికి జార్చాడు. కింద భార్య అందుకుని సుద్దతో గీత పెట్టి పేర్చింది. రెండు ఝాములు గడిచేసరికి ముందుగది, వంటగది ఆకాశం కిందికి వచ్చాయి. ఇక వెనకాల గోనెలు నిలవచేసే గది మిగిలింది. దానికి కిటికీ కూడా లేదు.

అక్కడ నాలుగు పెంకులు తీశాడో లేదో ఎండ ఒక పలకలా లోపలికి దిగింది. ఆ ఎండలో ఒక పాదం కనపడింది.

మరో నాలుగు తీశాడు. సంచుల దొంతరల మధ్య చాప మీద బావ పడుకుని ఉన్నాడు. ముఖం పీక్కుపోయి, పెదాలు నల్లబడి ఉన్నాయి. ఒక కాలు ముడుచుకుంటే గజ్జల్లో బిళ్ళ నొప్పి పెడుతున్నట్టుంది, ఎడంగా పెట్టుకున్నాడు. చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని పైకి చూశాడు.

"ఎవర్రా అది? బావమరిదివా? పైనుంచి వస్తుంటే యముడేమో అనుకున్నాను."

"నేనే బావా."

"యముడైతేనే నయం. నీలా పిల్లిలా కాకుండా చప్పుడు చేసి వస్తాడు" అని నవ్వబోయి దగ్గాడు.

మేస్త్రి వాసం పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. చూడనట్టు మళ్ళీ పెంకులు కప్పేయవచ్చు. ఆ గది ఒక్కటీ వదిలేశానని చెప్పవచ్చు. అలా చెప్పినా కాదనేవాళ్ళు లేరు.

"ఏమయ్యా, నిద్రపోయావా? పెంకు రావట్లేదేం?" అని కిందనుంచి భార్య అరిచింది.

అతను వాసాల సందులోంచి లోపలికి దిగాడు. అప్పటికే అక్క గదిలోకి పరుగెత్తుకొచ్చింది. ఇంతసేపూ తిట్టిన మనిషి ఇప్పుడు అతని గడ్డం పట్టుకుంది.

"ఒరేయ్, నీ కాళ్ళు పట్టుకుంటాను. బయట అనకు. ఆ షెడ్డులోకి వెళ్ళినవాడు ఒక్కడైనా తిరిగొచ్చాడా? సంచులాయన కూతురు దాహం దాహం అంటూ పోయిందట. గుమ్మంలోంచైనా చూడనివ్వలేదు. పోయాక కూడా చూపించలేదు. మూడు రోజులుగా నేనే చూసుకుంటున్నాను. ఇక్కడే, నా చేతుల్లో పోనీ."

"నువ్వు కూడా పడిపోతే?"

"పోతాను. నాదేముంది?"

"ఆ తరవాత నిన్ను ముట్టుకున్నవాళ్ళు? అక్కా, ఈ గదిలో ఎలుకలెన్ని చచ్చాయో చూడు" అంటూ ఒక సంచిని కాలితో జరిపాడు. దాని వెనక నాలుగు ఎండిపోయి ఉన్నాయి. "బావ షెడ్డుకే వెళ్ళాలి. కానీ ఒంటరిగా వెళ్ళడు. ఆ సంగతి నేను చూస్తాను. నేను వచ్చేదాకా నువ్వు ఇక్కణ్ణించి కదలకు."

అతను ఆ దుమ్ము ఒంటితోనే షెడ్డు దగ్గరికి వెళ్ళాడు. డాక్టరు గుమ్మం బయట పెద్ద గంగాళంలో చేతులు కడుక్కుంటున్నాడు. బావ సంగతి దాచకుండా చెప్పాడు.

"చెప్పి మంచిపని చేశావు. మనుషుల్ని పంపిస్తాను" అన్నాడు డాక్టరు.

"పంపించండి. కానీ మీకు కప్పులు కావాలి కదా. నాకు ఒక ముక్కాలిపీట కావాలండీ."

"ముక్కాలిపీటా?"

"మా బావ మంచం పక్కన. మా అక్క కూర్చోడానికి."

డాక్టరు తల అడ్డంగా ఊపాడు. "కుదరదు. ఒకరికి ఒప్పుకుంటే అందరూ అడుగుతారు."

"అడగనివ్వండి. అడిగేవాళ్ళు దాచరు. మీరేమో తలుపులు విరగ్గొట్టి వెతికిస్తున్నారు, వాళ్ళేమో అటకల మీద దాస్తున్నారు. నేనివాళ ఒక్క గది తెరిచాను. ఇంకా అరవై రెండిళ్ళున్నాయి. ఎన్ని గదుల్లో ఎంతమంది ఉన్నారో మీకు తెలుసా?"

డాక్టరు చేతులు తుడుచుకుని తుండు గంగాళం అంచున వేశాడు. "వచ్చినావిడ మళ్ళీ బయటికి పోకూడదు. కట్టుబట్టలు మరిగే నీళ్ళలో వెయ్యాలి. ఏం జరిగినా, ఆ తరవాత ఇంకో పది రోజులు ఇక్కడే ఉండాలి. ఒప్పుకుంటుందా?" అన్నాడు.

"అంతకంటే కష్టమైనవాటికే ఒప్పుకున్న మనిషండీ" అన్నాడు మేస్త్రి.

ఆ సాయంత్రమే బావని షెడ్డుకి చేర్చారు. అక్క వెనకాల నడిచి వెళ్ళింది. తమ్ముడి ముఖం చూడలేదు.

వీధిలో పని మాత్రం ముందుకి సాగలేదు, తమ కప్పు విప్పేదాకా ఎవరూ డేరాల్లోకి కదల్లేదు. రోజుకి నాలుగిళ్ళు అనుకున్నది రెండు కావడమే గగనమైంది. సొంత బావనే పట్టించాడన్న మాట ఊరంతా పాకింది. అతను కప్పు మీద ఉండగా ఎవరో నిచ్చెన లాక్కుపోయారు. "పిల్లికి నిచ్చెనెందుకులే" అని అతను వరండా స్తంభం పట్టుకుని జారి దిగాడు. ఇంకో రోజు ఒకావిడ పై అంతస్తు నుంచి కడుగునీళ్ళు కుమ్మరించింది. "నయం, ఎండ మండిపోతోంది" అంది భార్య, తడిసిన కొంగు పిండుకుంటూ. మరో మూడిళ్ళలో అతనికి పైనుంచి జబ్బుమనుషులు కనపడ్డారు. మూడుసార్లూ దిగి వెళ్ళి, వాళ్ళవాళ్ళతో ముక్కాలిపీట సంగతి చెప్పాడు. ఒకావిడ తప్ప ఎవరూ నమ్మలేదు. వాళ్ళని మోసుకెళ్తుంటే ఏడుపులతో వీధి దద్దరిల్లింది.

ఐదో రోజు మధ్యాహ్నం షెడ్డు నుంచి కబురొచ్చింది. బావ పోయాడు.

భార్య పైకి చూసి చెప్పింది. అతను చేతిలో ఉన్న పెంకుని జారవిడవలేదు. నిచ్చెన మీదుగా తనే కిందికి తెచ్చి దొంతర మీద పెట్టి, ఆ గోడ నీడలో కూర్చుని ఏడ్చాడు. ఆమె పక్కనే కూర్చుంది. మర్నాడు తెల్లవారగానే ఇద్దరూ మళ్ళీ వీధిలో ఉన్నారు.

పదిహేనో రోజుకి ఇరవై ఆరిళ్ళయ్యాయి. ఇరవై ఏడో ఇంటి ముందు పాతికమంది మగవాళ్ళు చేతులు పట్టుకుని వరసగా నుంచున్నారు. కొందరి చేతుల్లో కర్రలున్నాయి.

"ఇక చాలు మేస్త్రీ. ఇక్కణ్ణించి ఒక్క పెంకు తీసినా నీ వేలు తీస్తాం."

"ఏ వేలో చెప్పండి. అది వాడకుండా పనిచేస్తాను" అన్నాడతను. భార్య చేతిలోని సుద్దముక్క పక్కన పెట్టి అతని ముందుకొచ్చి నుంచుంది.

అప్పుడే వీధి మొదట్లోంచి ఒక మనిషి నడిచి రావడం కనపడింది. తెల్ల ముతకచీర, షెడ్డులో ఇచ్చింది. జుట్టు కత్తిరించి ఉంది. దగ్గరికొచ్చేదాకా అక్కని తమ్ముడే పోల్చుకోలేకపోయాడు. జనం అడుగు వెనక్కి వేశారు.

"భయపడకండి. పది రోజులు లెక్కపెట్టి పంపించారు" అంది. గాలి పీల్చుకుని మళ్ళీ మొదలుపెట్టింది. "మా ఆయన పోయారు. నా ఒళ్ళో తల పెట్టుకుని పోయారు. అడిగినప్పుడల్లా నీళ్ళిచ్చాను. చివరిరోజు పాలు తాగి, చక్కెర తక్కువైందని నన్ను తిట్టారు కూడా. మంచం మీంచి దింపేటప్పుడు నేనే ముఖం తుడిచాను. ఆయన తరవాత ఈ వీధి నుంచి వెళ్ళిన ముగ్గురిలో ఒకాయన లేచి కూర్చున్నాడు, బిళ్ళ పగిలి జ్వరం దిగింది. ఆయన భార్య పక్కనే ఉంది, వెళ్ళి గేటు దగ్గర నుంచి పిలవండి, పలుకుతుంది."

కర్ర పట్టుకున్న ఒకతను దాన్ని నేలకి ఆనించాడు.

"నేను మూడు రోజులు దాచాను. మొదటిరోజే వెళ్ళి ఉంటే బతికేవారో లేదో నాకు తెలీదు. డాక్టరుకీ తెలీదట, అడిగాను. ఆ తెలీకపోవడమే నేనిక మొయ్యాలి. మీరెందుకు మోస్తారు?" ఆమె ఇరవై ఏడో ఇంటి గుమ్మం వైపు తిరిగింది. లోపల ఒకామె తలుపు సందులోంచి చూస్తోంది. "అమ్మాయ్, లోపలెవరైనా పడుకుని ఉంటే ఇప్పుడే చెప్పు. దాచినా దాగదు. నా తమ్ముడు పైనుంచి చూస్తాడు, వాడికి చిన్నప్పట్నించీ ఎక్కకూడనివన్నీ ఎక్కే బుద్ధి."

తలుపు సందు కొంచెం పెద్దదైంది. "మా మామగారు. నిన్నట్నించీ" అందామె. మరుక్షణం బావురుమంది.

ఆ రోజు నుంచి అక్క ముందు నడిచేది. ఆమె తలుపు తట్టేది, ఆడవాళ్ళతో మాట్లాడేది, ముక్కాలిపీట మీద ఎవరు కూర్చుంటారో వాళ్ళే తేల్చుకునేలా చేసేది. వెనకాల మేస్త్రి నిచ్చెన వేసేవాడు. నడుం పట్టేసిన మేస్త్రికి నడుం బాగైంది. తాళం పెట్టుకుపోయిన వాళ్ళలో ఒకడు తలవంచుకుని వచ్చి పనిముట్లు దించాడు. మరో పది రోజుల్లో అరవై మూడు ఇళ్ళూ నోళ్ళు తెరుచుకుని ఎండ తాగాయి.

ఆ వీధిలో మొత్తం నలభై ఒక్కమంది పోయారు. చివరి కప్పు విప్పాక పోయినవాళ్ళు ముగ్గురే. ఎండ వల్లే తగ్గిందో, జనం డేరాల్లోకి వెళ్ళడం వల్ల తగ్గిందో, దాచడం మానడం వల్ల తగ్గిందో డాక్టరు కూడా తేల్చి చెప్పలేదు. నాలుగిళ్ళకి పెంకులు నేయించుకోవడానికి మనిషి మిగల్లేదు. మేస్త్రి వాటినీ నేశాడు.

మబ్బులు పట్టాక అక్క ఇంటి వంతు వచ్చింది. గోనెలగది కప్పు సగం అయ్యేసరికి ఆమె లోపలికొచ్చి గది మధ్య నిలబడి పైకి చూసింది.

"ఆగు. అక్కడ పెంకు వెయ్యకు. వెలుతురు దిగేలా అద్దం పలక పెట్టు."

"అద్దమా? అంచుల దగ్గర కారుతుందక్కా."

"కారితే గిన్నె పెట్టుకుంటాను."

"నేను నేసిన ఇల్లు కారుతోందంటే ఊళ్ళో నా పరువేం కావాలి?"

"నీ పరువు సంగతి నాకు తెలీదు. ఈ గదిలో మళ్ళీ చీకటి వద్దు."

అతను కప్పు మీద గొంతుక్కూర్చున్నాడు. తరవాత వాసాల మధ్య ఖాళీని జానతో కొలిచి, కిందనున్న భార్యకి కొలత చెప్పాడు. ఆమె వాన రాకముందే అద్దం కోసం బజారుకి బయల్దేరింది.