ఫినాయిలు పట్టిక

ఎల్లప్ప కుర్చీని అరచేత్తో తుడిచి, కూర్చోకుండానే వంగి కొత్త మిషను వైపు చూశాడు. దాని నుదుట పచ్చ దీపం మిణుకుమంటోంది. గదిలో ఎవరూ లేరు. ఎవరూ ముట్టుకోని మిషను ఎవరితో మాట్లాడుతున్నట్టు?

అయిదు రోజులుగా ఇదే అనుమానం.

యాభై ఆరేళ్ల మనిషి. పొడుగ్గా, సన్నగా, కాస్త ముందుకు వంగి నడుస్తాడు. చెంపలు లోపలికి పోయాయి. కళ్లలోని తెలుపు కొద్దిగా పసుపు తిరిగింది. మదనపల్లెలోని ఈ రక్తనిధిలో పదహారేళ్లుగా ఉద్యోగం. మొదట రిజిస్టర్లు రాశాడు. తొంభై ఎనిమిదిలో కంప్యూటరు వచ్చాక ఆ రిజిస్టర్లన్నీ తనే ఎక్కించాడు. పుంగనూరు, కుప్పం శాఖల్లో ఎవరు ఏ పేరు కొట్టినా, ఫోను లైను మీదుగా వచ్చి చేరేది ఎల్లప్ప బల్ల కిందున్న పాత మిషనులోకే. పదకొండు వేల మంది దాతలు. ఎవరిది ఏ గ్రూపు, ఏ ఊరు, చివరిసారి ఎప్పుడిచ్చారు, అన్నీ అందులో ఉన్నాయి. పెళ్లి చేసుకోలేదు. అందరితో కూర్చుని భోంచెయ్యడు. పొగరని కొందరు, పిసినారని కొందరు అనుకున్నారు. ఆయన ఎవరినీ కాదనలేదు.

ఇవాళ పదకొండింటికి ఆ పాత మిషనుకు సెలవు.

ఆ పని మీద వచ్చింది పావని. పుంగనూరు పిల్ల. పక్క ఊరు అంగళ్లులోని కాలేజీలో చదివి బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది. మామూలుగా అయితే డేటాబేసును ఆపేసి, ఉన్నదంతా కొత్త వెర్షన్‌లోకి ఎక్కించడానికి ఎనిమిది గంటలు కావాలి. రక్తం అడిగేవాళ్లను ఎనిమిది గంటలు ఆగమనడం కుదరదు. అందుకని ఆమె వేరే దారి పట్టింది. పాతది నడుస్తూనే ఉంటుంది. అందులో ఏ వరుస చేరినా, మారినా, కొట్టేసినా అదే మార్పు వెంటనే కొత్తదాంట్లోనూ జరిగిపోతుంది. రెండూ సమానమయ్యాక, అయిదు నిమిషాలు మాత్రం ఆపి శాఖలను కొత్తదాని వైపు మళ్లించాలి.

ఎల్లప్ప శ్రద్ధగా విన్నాడు. నమ్మలేదు. పదకొండు వేల పేర్లు, ఫోన్ నంబర్లు ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెలోకి కారిపోతున్నాయి. అక్కడినుంచి ఇంకెక్కడికి కారుతున్నాయో ఎవరు చూశారు?

నిన్న ఉచ్చు పన్నాడు. లోకంలో లేని ఒక మనిషిని పుట్టించాడు. ఆదిలక్ష్మమ్మ, నిమ్మనపల్లె, ఏబీ పాజిటివ్. పాత మిషనులో కొట్టి, పావని టీకి వెళ్లగానే కొత్తదాంట్లో వెతికాడు. అప్పటికే ఆదిలక్ష్మమ్మ అక్కడికి చేరిపోయి ఉంది.

"ఎవురు సార్ ఆయమ్మ? మీకు సూసిన సంబంధమా?" వెనక పావని, చేతిలో టీ గ్లాసు.

"ఉత్తినే సూసినా. తుడిపేస్తాలే."

ఆమె నవ్వి ఊరుకుంది. కానీ అప్పటినుంచి బయటికి వెళ్లినప్పుడల్లా తన తెరకు తాళం వేసి మరీ వెళ్లింది. ఇవాళ పొద్దున మాత్రం తనే ఒక తెర తెరిచిచ్చింది. "మీ ఇష్టమొచ్చినట్టు వెతికి సూసుకోండి సార్. మీకు నమ్మకం కుదరాల గదా." ఇంత మంచితనం ఎందుకని ఎల్లప్పకు ఇంకో అనుమానం.

పదింబావుకు ఫోను మోగింది. కుప్పం శాఖలో పనిచేసే మునికుమార్.

"ఎల్లప్పన్నా, బీ నెగటివ్ కావాల. కాన్పు కేసు. ఈడ మా కంప్యూటరు లైను పొయ్యింది. దగ్గర్లో యెవురుండారో నువ్వే సూడు."

పాతదాంట్లో మూడు పేర్లు వచ్చాయి. చదివి వినిపించాడు. పనిలో పనిగా పక్క తెర మీద, కొత్తదాంట్లోనూ అదే వెతికాడు.

నాలుగు పేర్లు.

నాలుగోది: కృష్ణప్ప, రామకుప్పం.

"అంతేనా అన్నా? మూడేనా?"

"మూడే. పెట్టెయ్."

రిసీవరు పెట్టేసి, నాలుగో పేరును ఇంకోసారి చదివాడు.

కృష్ణప్ప పేరు ఎప్పుడూ ఎవరికీ కనపడకూడదు. 2001లో కొందరు దాతల రక్తంలో కామెర్ల క్రిమి బయటపడింది. వాళ్లను మళ్లీ పిలవకూడదు. కానీ ఆ మాట పేరు పక్కనే రాస్తే మూడు ఊళ్లలో ఎవరైనా చూస్తారు. మర్నాటికి టీకొట్టు దాకా పోతుంది. ఇక వాళ్లింట్లో మంచినీళ్లు కూడా ఎవరూ ముట్టరు. అప్పటి డాక్టరుగారు, ఎల్లప్ప కలిసి ఆలోచించి ఆ పేర్లను వేరే పట్టికలో దాచారు. దానికి ఫినాయిలు అని పేరు పెట్టారు. ఊడ్చే చిన్నమ్మకిచ్చే సీసాల చిట్టా అనుకుని ఎవరూ తెరవరు. అందులో ఉన్నవారిని వెతుకులాటలో వదిలెయ్యమని ప్రోగ్రాములో ఒక్క వాక్యం చేర్చారు. ఇచ్చిన రక్తాన్ని ప్రతిసారీ పరీక్షిస్తారు, నిజమే. ఆ పరీక్ష తప్పిన రోజు అడ్డం నిలబడేది ఈ పట్టికే. డాక్టరుగారు పోయారు. ఇప్పుడీ సంగతి తెలిసినవాడు ఒక్కడే.

పావని రాగానే అడిగాడు. "ఫినాయిలు పట్టిక కొత్తదాంట్లోకి యాల రాలేదమ్మా?"

"ఆ సీసాల చిట్టానా? దాంట్లో వరుసలకు నంబర్లే లేవు సార్. నంబరు లేకుంటే యే వరుస మారిందో కొత్తదానికి యెట్ల తెలుస్తాది? ఖాళీ పట్టిక పెట్టి వదిలేసినా. ఇప్పుడీడ పెద్దగా ఉండే శాంతకుమారి డాక్టరమ్మ గూడా పోతే పోనీమన్నారు." ఆమె గొంతు తగ్గించింది. "అయినా ఒకటి అడుగుతా. దినామూ ఇంటికి పొయ్యే ముందర మీరు తెరిసేది ఆ పట్టికే. నేను సూస్తానే ఉండా. ఫినాయిలు అమ్ముకుంటాండారా ఏంది?"

ఎల్లప్పకు ఇప్పుడర్థమైంది. అయిదు రోజులుగా తను ఆమెను కాపలా కాస్తుంటే, ఆమె తనను కాపలా కాస్తోందన్నమాట.

ఫోను మళ్లీ మోగింది. "అన్నా, ముగ్గురిలో ఇద్దురు ఊర్లో లేరు. ఇంగొకరు కావాల. లైను వచ్చేసిందిలే, పాతదాంట్లో ఆ మూడు పేర్లే వస్తాండాయి. పదకొండు దాటినాక కొత్తదాంట్లో నేనే ఎతుక్కుంటా."

గోడ గడియారం పది నలభై. మాట్లాడకపోతే ఇంకో అరగంటలో మునికుమార్ ఫోను కృష్ణప్పకు పోతుంది. మాట్లాడితే ముప్పై నాలుగు కుటుంబాల గుట్టు, ఏ మాత్రం నమ్మకం లేని ఒక పిల్ల చేతిలో పడుతుంది. కొత్త మిషను పాస్‌వర్డు ఆమె దగ్గరే ఉంది. మూడో దారి లేదు.

"తలుపెయ్యి పాపా," అన్నాడు.

ఉన్నదంతా నాలుగు మాటల్లో చెప్పి పట్టిక తెరిచాడు. పావని ముఖంలో నవ్వు పోయింది. పక్కకు జరిగి కీబోర్డు అందుకుంది. వరుసలకు నంబర్లు ఇమ్మని ఆజ్ఞ కొట్టింది. ఒకటి నుంచి ముప్పై నాలుగు దాకా పేర్లు నిలువుగా పేర్చుకున్నాయి. చదవకుండా పని చెయ్యాలనే చూసింది. మొదటి పేరు దగ్గర ఆమె వేళ్లు ఆగిపోయాయి.

ఒకటి: ఎల్లప్ప, మదనపల్లె.

ఆమె తల తిప్పలేదు. ఆయన గోడను చూస్తున్నాడు.

"ముప్పై నాలుగు వచ్చినాయి సార్," అంది. "ఆ ఒకటో నంబరు..."

"ఒకటో నంబరు గూడా ఎక్కించమ్మా. తప్పియ్యాకు."

పది యాభై ఆరుకు పట్టిక కొత్తదాంట్లో చేరింది. పదకొండింటికి శాఖలు ఆగాయి. పదకొండు నాలుగుకు మళ్లీ తెరుచుకున్నాయి. ఎల్లప్ప కుప్పం దగ్గరి బీ నెగటివ్ వెతికాడు. మూడే పేర్లు. మళ్లీ వెతికాడు. మూడే. మునికుమార్‌కు నాలుగో పేరు దొరకలేదు. ఎల్లప్ప ఫోను చేస్తే, పుంగనూరు దాతల్లో బీ నెగటివ్ ఉన్న ఒక లారీ డ్రైవరు టమోటాలు దించేసి, అటునుంచి అటే కుప్పం వెళ్లాడు. సాయంత్రానికి తల్లీ బిడ్డా బాగున్నారని కబురొచ్చింది.

వెళ్లేముందు ఎల్లప్ప గుమ్మం దగ్గర ఆగాడు. "ఆ పేర్లు యాడన్నా బయట పడినాయంటే..."

"నాదీ పుంగనూరే సార్. నీళ్లు ముట్టని ఇల్లు ఎట్లుంటాదో నేనూ సూసినా."

ఎల్లప్ప పచ్చ దీపం వైపు చాలాసేపు చూశాడు. "మిషను సంగతి సరే. మనిషి సంగతి ఇంగా నాలుగు దినాలు సూసి సెప్తా."

"సూడండి సూడండి," అంది పావని.

ఆ నాలుగు రోజులు గడవలేదు. సోమవారం ఆయన పనికి రాలేదు. మంగళవారం పొద్దున ఆయన అక్క వసంతమ్మ ఫోన్ చేసింది. "రాత్రి నిద్దర్లోనే పొయ్యినాడమ్మా. కాలేయం పూరా పాడైపోయిందంట. మాకు యెవురికీ ఒక్క మాట గూడా సెప్పలేదు."

మధ్యాహ్నం పావని ఆయన బల్ల సొరుగు ఖాళీ చేసింది. రెండు పెన్నులు, కళ్లజోడు గుడ్డ. అడుగున, పదిసార్లు రక్తమిచ్చిన వాళ్లకు చొక్కాకు గుచ్చుకోమని రక్తనిధి ఇచ్చే ఇత్తడి బిళ్ల ఒకటి, వెనక 2001 అని చెక్కి ఉంది. దాని మీద చుట్టిన, లోపలిది కనపడే పల్చటి కాగితం ఎక్కడా చిరగలేదు, పిన్ను ఒక్కసారి కూడా తెరిచిన జాడ లేదు.