కూలర్‌లో గోరింకల కాపురం

నేను ఒక కూలర్‌ని. కంపెనీ కూలర్ అనుకునేరు, కాదు. మంచిర్యాలలో ఒక వెల్డింగ్ షెడ్డులో పుట్టిన రేకు కూలర్‌ని. మూడు పక్కల గడ్డి, కింద నీళ్ళ తొట్టి, ముందు పెద్ద ఫ్యాను. ఎండాకాలంలో ఎంతటివాడైనా నా ముందుకొచ్చి చొక్కా గుండీలు విప్పుకోవలసిందే. వానలు పడ్డాయంటే మాత్రం నా ముఖం చూసే నాథుడుండడు. నెత్తిన విరిగిన గొడుగులు పెట్టి పోతారు.

మొదట నన్ను కొన్నది ఒక వకీలు. ఆయన ఏసీ పెట్టించుకున్న రోజే నేను పాత సామానునైపోయి, సదానందం ఇంటికి చేరాను. సదానందం బస్సు డిపోలో మెకానిక్కు. భార్య స్వరూప ఇంట్లోనే మిషన్ కుడుతుంది. పెద్దమ్మాయి హారిక ఏడో తరగతి, చిన్నది రిషిత మూడో తరగతి. నన్ను పిల్లల గది కిటికీకి ఆనించి బయట నిలబెట్టారు.

విడివిడిగా చూస్తే మొగుడూ పెళ్ళాలిద్దరూ బంగారం. ఒకచోట కూర్చుంటే చాలు, కూరలో ఉప్పు దగ్గర మొదలై ఇరువైపుల చుట్టాలందరినీ చుట్టి వచ్చేవాళ్ళు. గొంతులు లేవగానే అక్కాచెల్లెళ్ళు తలుపు మూసి నన్ను ఫుల్లుగా పెట్టేవాళ్ళు. నా రొద ముందు ఏ గొడవా నిలవదు. గజగజ వణికే చలిలో కూడా రగ్గు కప్పుకుని మరీ వేసుకునేవాళ్ళు.

"చలికాలం కూలరేంది, మీకేమన్న పిచ్చి లేసిందా?" అని స్వరూప తిట్టేది.

చల్లగాలి కోసం పుట్టినవాణ్ణి చప్పుడు కోసం వాడుకుంటున్నారని నాకు మొదట్లో చిన్నతనంగా ఉండేది. తర్వాత ఆ పిల్లల మీద ప్రేమ పుట్టి, చేతనైనంత గట్టిగా మోగేవాణ్ణి.

శివరాత్రి వెళ్ళాక, కొత్త గడ్డి వేద్దామని సదానందం నా వెనక రేకు విప్పాడు. అంతలోనే స్వరూపతో మాటా మాటా పెరిగింది. ఆ రేకు గోడకు ఆనించిన చోటే ఉండిపోయింది. అటునుంచి ఒక గోరింకల జంట నాలోకి దిగింది. ఎండిన తొట్టిలో గడ్డిపరకలూ, స్వరూప పారేసిన దారాలూ, బస్సు టిక్కెట్లూ తెచ్చి గూడు కట్టుకుంది. నన్ను ఒక్కమాట అడిగింది లేదు.

ఒక సాయంత్రం వంటింట్లో గొడవ లేచింది. హారిక స్విచ్చు మీద చెయ్యి పెట్టింది. లోపల రెక్కల చప్పుడు విని, రిషిత నా జాలీకి కన్ను ఆనించి చూసింది.

"అక్కా, ఆగు. అండ్ల గుడ్లున్నయి. నీలం గుడ్లు."

హారిక చెయ్యి తీసేసింది. ఆ రోజు నుంచి గొంతులు లేచినప్పుడల్లా ఇద్దరూ కిటికీ గట్టెక్కి నా ముందు కూర్చునేవాళ్ళు. గుడ్లు పిల్లలయ్యాయి. ఒంటి మీద ఈక లేదు, నోళ్ళు మాత్రం ఒళ్ళంత. తల్లిదండ్రులు మిడతలు తెచ్చి ఒక నోరు నింపితే ఇంకోటి తెరుచుకునేది. ఆ సంబరం చూసి అక్కాచెల్లెళ్ళు నోటికి చేతులడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు. గోరింకలూ తక్కువవి కావు, గూటి ముందు నిలబడి ఒకదాన్నొకటి దులిపేసుకునేవి.

"ఇవి గూడ కొట్లాడుకుంటయక్కా," అంది రిషిత.

"కొట్లాడుకోనియ్యి. పిల్లలకు పెట్టుడైతే ఆపుతలేవు గదా," అంది హారిక.

కదలకుండా ఉండటంలో ఇంత సంతోషం ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

కాని నేను ఆగిపోయేసరికి ఇంట్లో మాటలన్నీ వినబడసాగాయి. ఒక మధ్యాహ్నం ఈ మాటా వినబడింది. బడులకు సెలవులివ్వగానే స్వరూప చిన్నదాన్ని తీసుకుని లక్సెట్టిపేటలో పుట్టింటికి వెళ్ళిపోతుంది. పెద్దది తండ్రి దగ్గరే ఉంటుంది. ఏనాడూ ఒక మాట మీదికి రానివాళ్ళు పిల్లల్ని పంచుకోవడం మీద మాత్రం వచ్చారు. రిషిత అక్క చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ పూట ఇద్దరూ నవ్వలేదు.

ఆ వారమే సదానందం డ్యూటీ నుంచి చెమటలు కక్కుతూ వచ్చి, బకెట్టు నీళ్ళు మోసుకుని నా దగ్గరికి వచ్చాడు. హారిక పరుగెత్తి అడ్డంగా నిలబడింది.

"బాపూ, నీళ్ళు పొయ్యకు. లోపట పిల్లలున్నయి."

అతను వంగి చూశాడు. అతని నీడనే తల్లి అనుకుని ఎర్రటి నోళ్ళన్నీ ఒక్కసారి తెరుచుకున్నాయి. అతను బకెట్టు కింద పెట్టాడు.

"మరి గింత ఎండల కూలర్ లేకుంట ఎట్లున్నరు?"

హారిక తల దించుకుంది. రిషిత చెప్పేసింది.

"మేం ఉడుకపోతకు ఏసుకోం బాపూ. మీరు కొట్లాడేది ఇనపడకుంట ఏసుకుంటం. ఇప్పుడు అన్ని ఇనపడుతున్నయి. నన్ను పంపితే అక్కను గూడ పంపాలె. లేకుంటే నేను పోను."

మెడలో టేపుతో స్వరూప గుమ్మంలో నిలబడి ఉంది. చలికాలంలో కూలర్ ఎందుకో ఆమెకు అప్పుడర్థమైంది. మొగుడూ పెళ్ళాలు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోయారు. సదానందం ఆ నీళ్ళు ఒక బేసిన్‌లో పోసి పిట్టల కోసం గోడ మీద పెట్టాడు.

ఆ సాయంత్రం ఇద్దరూ వెనక మెట్ల మీద కూర్చుని చాలాసేపు మెల్లగా మాట్లాడుకున్నారు. పక్కనే ఉన్న నాకు తప్ప ఎవరికీ వినబడలేదు.

"ఇద్దర్ని ఇడదియ్యొద్దు," అంది స్వరూప.

"ఇడదియ్యొద్దు," అన్నాడు సదానందం.

స్వరూప లక్సెట్టిపేట వెళ్ళలేదు. గొడవలు మాయమయ్యాయని అబద్ధం చెప్పను. ఉప్పు దగ్గర మొదలైనవి ఉప్పు దగ్గరే ఆగేవి, అంతే.

గోరింక పిల్లలు ఎగిరిపోయాయి. మరుసటేడు కొత్త కూలర్ వచ్చింది, నన్ను డాబా ఎక్కించారు. వెనక రేకు బిగించవద్దని పిల్లలు మొండికేశారు. గోరింకలు మళ్ళీ వచ్చాయి. ఒక ఆదివారం పాత ఇనుప సామాన్లతను ఇంటిముందు బండి ఆపాడు.

"అమ్మా, పైన ఆ కూలర్ ఖాళీగనే ఉన్నట్టుంది. ఇస్తరా?"

"ఖాళీ లేదు," అంది స్వరూప గడప దాటి వస్తూ.

"ఖాళీ లేదు," అన్నాడు సదానందం, వాకిట్లో స్కూటర్ తుడుస్తూ, అదే క్షణంలో.

ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఇద్దరూ నవ్వేశారు. డాబా మీద నా ముందు కూర్చున్న అక్కాచెల్లెళ్ళకు ఆ నవ్వు వినిపించింది. గోరింకల్ని చూడటం మానేసి, పిట్టగోడ మీదినుంచి వంగి, ఇద్దరూ అమ్మనూ బాపునూ చూస్తూ ఉండిపోయారు.